చన్నీళ్లలో ఉతకాల్సిన కోటు

ఏంజెలిన్ టీచరు ఏడాదికి ఒక్క పూట మహారాణిలా బతికేది. అది క్రిస్మస్ పొద్దున. నర్సీపట్నంలో డిసెంబరైనా సరే తొమ్మిదయ్యేసరికి ఎండ చిటచిటలాడుతుంది. ఆ ఎండలో మిషను కాంపౌండు గేటు దగ్గర్నుంచి చర్చి మెట్లదాకా ఆవిడ బూడిదరంగు ఉన్ని ఓవర్‌కోటు వేసుకుని నడిచొచ్చేది. మోకాళ్లు దాటే కోటు. మెడదాకా గుండీలు. చెమట చెవుల పక్కనుంచి ధారలు కట్టినా ఒక్క గుండీ విప్పేది కాదు. ముందు వరసలో, ఫ్యాను కింద కాకుండా అందరికీ కనిపించే చోట కూర్చునేది. కోటు అంచు ఒకసారి ముట్టుకోవాలని పిల్లలు ఒకళ్లనొకళ్లు తోసుకునేవాళ్లు. 'కోటు టీచరు' అంటే నక్కపల్లి చర్చి సంఘంవాళ్లు కూడా గుర్తుపట్టేవాళ్లు. ఆవిడకు అంతకంటే వేరే ఆస్తి లేదు, వేరే పేరూ లేదు.

ఆ కోటు మిషను నడిపిన పెద్ద దొరసానిది. ఏంజెలిన్ తండ్రి క్రీస్తుదాసు ఆ దొరసాని బంగళాలో వంటవాడు. 1968లో ఆవిడ ఓడెక్కి శాశ్వతంగా వెళ్లిపోయే ముందు ఇరవై రెండేళ్ల ఏంజెలిన్‌ని పిలిచి, కోటు భుజాల మీద కప్పింది. "మా దేశం చలికి నువ్వు తట్టుకోలేవు. ఇది దాచుకో. టీచరు ట్రైనింగుకి నిన్ను పిలిపిస్తాను, ఉత్తరం రాస్తాను" అంది. ఏంజెలిన్ ఆ వారమే రేకుపెట్టె సర్దేసింది. అడుగున కోటు, దానిమీద రెండు చీరలు, బైబిలు, అమ్మ కుట్టిన దిండు గలీబు. పోస్టుమాను సైకిలు బెల్లు వినిపిస్తే చాలు గేటు దగ్గరికి పరిగెత్తేది. మూడేళ్లు పెట్టె సర్దింది సర్దినట్టే ఉంది. ఈలోగా వచ్చిన సంబంధాలను "నేను ఫారిన్ వెళ్లాల్సినదాన్నండీ" అని ముఖం మీదే తిప్పికొట్టింది. ఉత్తరం రాలేదు. తర్వాత సంబంధాలు రావడం కూడా మానేశాయి. చివరికి ఒక క్రిస్మస్‌కు పెట్టె తెరిచి, చలి దేశం ఎలాగూ లేదు కాబట్టి, కోటును ఉక్కపోతలోనే వేసుకుని చర్చికి వచ్చింది. అదే ఆనవాయితీ అయిపోయింది.

మిగతా ఏడాదంతా కోటుకు సేవ. జనవరిలో నీడన ఆరబెట్టడం, మెత్తటి బ్రష్‌తో దులపడం, వేపాకు, నాఫ్తలీన్ ఉండలు వేసి మళ్లీ పెట్టెలో పెట్టడం. ట్యూషను పిల్లలు దాని ఛాయలకు రాకూడదు. ఎనిమిదేళ్ల కరుణకుమారి ఒకసారి మామిడితాండ్ర జిగురు చేతులతో దాని కాలరు పట్టుకుంది. ఏంజెలిన్ స్కేలుతో ఆ పిల్ల అరచేతులు వాచిపోయేలా కొట్టింది. ఆ తర్వాత ఏదో ఇంగ్లీషు వాక్యం నూరుసార్లు ఇంపొజిషన్ రాయించి, కింద ఎర్ర సిరాతో సంతకం పెట్టింది. ఏ వాక్యమో తర్వాత ఆవిడకే గుర్తు లేదు. జన్మలో ఎంతమంది చేత ఎన్ని రాయించిందని గుర్తుంటుంది! కాలరు మీద తాండ్ర మరక మాత్రం కాస్త ఉండిపోయింది.

ఆ కరుణకే ఇప్పుడు ఇరవయ్యారేళ్లు. ఎమ్మే ఇంగ్లీషు చదివి ఊళ్లో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతోంది. తండ్రి లేడు. తల్లి దీనా జీడిపప్పు బట్టీలో పిక్కలు కొడుతుంది, ఆవిడ వేళ్లకు పట్టిన జీడి నలుపు పండగ పూట కూడా వదలదు. 2005 జూలైలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు జాన్ ప్రసాద్ అయ్యగారు కరుణను లేవమని చెప్పి, సంఘానికి ప్రకటించారు.

"మన కరుణకుమారికి చైనాలో, హార్బిన్ అనే పట్నంలో ఇంగ్లీషు టీచరుగా ఉద్యోగం వచ్చింది. ఆగస్టు ఇరవైన ప్రయాణం. స్తోత్రం చెప్పండి."

అందరూ స్తోత్రం అన్నారు. ఏంజెలిన్ కూడా అంది. పెదవులు మాత్రమే అన్నాయి. ఏబీసీడీలు తన గుమ్మంలో దిద్దుకున్న పిల్ల! తను మూడేళ్లు గేటు పట్టుకు వేళ్లాడినా రాని పిలుపు, దీనా కూతురికి కంప్యూటర్లో వచ్చేసింది!

చర్చి వరండాలో ఆడవాళ్లందరూ కరుణ చుట్టూ చేరారు. అయ్యగారి కొడుకు ప్రభుకుమార్ బస్టాండు దగ్గర నెట్ సెంటరు నడుపుతాడు. స్కూలువాళ్లు మెయిల్లో పంపిన కాగితం అతనే ప్రింటు తీసిచ్చాడు. అందులో ఉన్నది కరుణ చదివింది. జనవరిలో మైనస్ ముప్పై దాకా పోతుంది, ఉన్ని దుస్తులు, మోకాళ్లు దాటే మంచి ఓవర్‌కోటు, తోలు బూట్లు తప్పనిసరి.

"మైనస్ ముప్పై అంటే ఏటే? లంబసింగి కన్నా ఎక్కువేటి?" అంది దీనా.

"లంబసింగి దాని ముందు ఏసంగేనమ్మా" అంది కరుణ నవ్వుతూ.

"ఓలమ్మో! మరి కోటెక్కడ దొరుకుద్దే ఇప్పుడు? స్వెట్టర్లమ్మే టిబెట్టోళ్లు నవంబరుకి గానీ రారు. ఆగస్టులో ఉన్ని అంటే ఇశాపట్నంలో కూడా నవ్వుతారు." దీనా చూపు వరండా అంతా తిరిగి ఏంజెలిన్ దగ్గర ఆగింది. మనసులో ఉన్నది దాచుకోవడం ఆవిడకు చేతకాదు. "టీచరుగారి కోటు ఉన్నాది కదండీ!"

అంతే. తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. ఏంజెలిన్ నోరు తెరిచే లోపే అయ్యగారు రెండు చేతులూ జోడించేశారు. "టీచరుగారూ! ప్రభువు ఇన్నేళ్లూ ఆ కోటును ఎందుకు దాచి ఉంచాడో ఇప్పుడు తెలిసిందండీ. మీరు నేర్పిన పిల్లకు మీ కోటు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?"

దాచింది ప్రభువు కాదయ్యా, నేను. వేపాకు వేసి, నాఫ్తలీన్ వేసి, పెళ్లి మానుకుని నేను దాచాను! ఆ మాట ఏంజెలిన్ గొంతుదాకా వచ్చింది. కానీ అరవైమంది చూస్తుండగా కాదంటే? ఇన్నేళ్లూ కోటు వేసుకుని తిరిగిన గొప్ప ఒక్క నిమిషంలో మట్టిలో కలిసిపోదూ? కరుణ ఏమీ అడగలేదు. ఆ పిల్ల తల వంచుకుని కాగితం మడతపెడుతోంది. అడగకపోవడం ఇంకా కాల్చింది.

"అలాగే. తప్పకుండా ఇస్తాను" అంది ఏంజెలిన్. "మురికిది ఎలా ఇస్తాను, ఉతికించి ఇస్తాను."

చప్పట్లు కొట్టారు. దీనా వచ్చి జీడి నల్లటి చేతులతో ఆవిడ చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. ఏంజెలిన్ ఇంటికెళ్లి సబ్బు పెట్టి చేతులు కడుక్కుంది.

ఆ మధ్యాహ్నం తలుపు గడియపెట్టి కోటు తొడుక్కుంది. అద్దం ముందు నిలబడింది. ఈ కోటు మంచులోకి వెళ్తుంది. తను వెళ్లాల్సిన మంచులోకే, వేరొకరి ఒంటి మీద. వచ్చే క్రిస్మస్‌కు తను మామూలు చీరలో, మామూలు ముసలమ్మలా మెట్లెక్కాలి. పిల్లలు ముట్టుకోవడానికి ఏం ఉంటుంది? ఏడుపు వస్తుందేమో అనుకుంది గానీ రాలేదు. ఏడుపు బదులు ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచనకు ఆవిడ భయపడకపోవడమే అసలు సంగతి.

కాంపౌండులోని ఇళ్లన్నిటికీ బట్టలు ఉతికేది జోగులు. అరవై దాటిన మనిషి. బలిఘట్టం దగ్గర ఏటి ఒడ్డున అతనిది పెద్ద బాన. సోడా వేసి, బట్టలు ఉడకబెట్టి, బండ మీద బాదితే దుప్పట్లు మల్లెపూవుల్లా వస్తాయి. సోమవారం పొద్దున మూట కోసం వచ్చిన జోగులు చేతిలో ఏంజెలిన్ కోటు పెట్టింది. అతను దాన్ని చిన్నబిడ్డను అందుకున్నట్టు అందుకున్నాడు.

"ఇది కిస్మస్ కోటు కదేటండీ అమ్మగారూ! ఎన్నడూ బయటెట్టని కోటు! ఇది నానేటి సెయ్యాలండి?"

"ఉడకెయ్యాలి."

జోగులు ఉన్నిని వేళ్ల మధ్య నలిపి చూశాడు. "ఉన్ని కదండీ. బానలో ఎయ్యొచ్చేటండి? మా అయ్య గొంగళ్లను ఏట్లో జాడించడమే గానీ ఉడకెయ్యనిచ్చేవోడు కాదండి."

"ఇది సీమ ఉన్ని జోగులూ. మీ గొంగళి లాంటిది కాదు. ముప్పయ్యేడేళ్ల మురికి. సోడా దండిగా వేసి బాగా ఉడకెయ్యి. ఆ తర్వాత బండకేసి గట్టిగా బాదు."

"మీరు సెప్తే మరేటండి. సదువుకున్నోరు" అన్నాడు జోగులు, కోటును మిగతా మూటలో కలపకుండా విడిగా భుజాన వేసుకుని.

తెలియక చెప్పిందనుకునేరు! ఉన్ని సంగతి ఆవిడకు తెలిసినంతగా నర్సీపట్నంలో మరో మనిషికి తెలియదు. తన పదేళ్లప్పుడు తండ్రి క్రీస్తుదాసు పొరపాటున దొరసాని స్వెట్టరును వేణ్నీళ్లలో వేస్తే అది బొమ్మ చొక్కా అంత అయింది. ఆ దొరసాని అరుపులు, తండ్రి వంచుకున్న తల, అన్నీ ఆవిడకు నిన్న జరిగినట్టు గుర్తే. జోగులు గేటు దాటేదాకా చూస్తూ నిలబడింది. ఇప్పుడు పిలిస్తే ఆగిపోతాడు. సందు మలుపు దగ్గర పిలిచినా వినిపిస్తుంది. పిలవలేదు. లోపలికెళ్లి కాఫీ కలుపుకుంది.

గురువారం నాడు కరుణ, దీనా కోటు కోసం వచ్చి కూర్చున్నారు. దీనా చింతపల్లి బస్సెక్కి వెళ్లి రెండు మంకీ క్యాపులు, ఒక నల్ల గొంగళి తెచ్చింది. అవి చూపిస్తూ ఉండగానే జోగులు వచ్చాడు. చేతిలో తుండుగుడ్డలో చుట్టిన చిన్న మూట. గుమ్మం దాటకుండా మోకాళ్ల మీద కూలబడి మూట విప్పాడు.

కోటు కాదది. అట్టముక్కలా బిరుసెక్కి, ఐదేళ్ల పిల్లకు సరిపోయేంత బూడిదరంగు ముద్ద. చేతులు రెండూ మొద్దుబారి చెరో పక్కకు నిక్కి ఉన్నాయి. గుండీలు మాత్రం పెద్దవి పెద్దవిగానే ఉండి, ఇంకా వికారంగా కనిపించాయి.

"ఓరి నాయనో! ఇదేట్రా జోగులూ!" దీనా గుండెలు బాదుకుంది. "నా పిల్ల అక్కడ గడ్డకట్టి సచ్చిపోద్దిరా! ఇదేటి సేసేవురా!"

"నానేటి సేసేనమ్మా... ఉడకెయ్యమన్నారని ఉడకేసేనమ్మా. అమ్మగారే కదండీ సెప్పేరు." జోగులు కళ్లెత్తి ఏంజెలిన్ వైపు చూశాడు. ఒక్క మాట సాయం చేస్తుందన్న నమ్మకంతోనే చూశాడు.

"నేనా?" అంది ఏంజెలిన్. గొంతు ఎక్కడా వణకలేదు. "బ్రష్‌తో దులిపి నీడన ఆరెయ్యమన్నాను. ఆ ముక్క చెవికెక్కితేగా నీకు! ముప్పయ్యేడేళ్లు ప్రాణంలా చూసుకున్న కోటయ్యా! నేనెందుకు ఉడకెయ్యమంటాను?"

అబద్ధంలో కూడా ఆ చివరి మాట ఎంత బలంగా పడిందంటే, చెప్పిన ఆవిడకే సగం నిజమనిపించింది. చదువుకున్న టీచరు మాట ముందు బట్టలుతికేవాడి మాట ఎంతసేపు నిలుస్తుంది? జోగులుకూ తెలుసు అది. తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

కరుణ ఆ ముద్దను చేతుల్లోకి తీసుకుంది. ఏడవలేదు, తిట్టలేదు. కాలరు దగ్గర వేలితో తడిమింది. "ఇక్కడ తాండ్ర మరక ఉండేది కదండీ టీచరుగారూ. పోయింది" అంది. తర్వాత ఏంజెలిన్ ముఖంలోకి చూసింది, బోర్డు మీద లెక్క సరిచూసుకున్నట్టు. "దీన్ని నేను తీసుకుంటానండి. మీరిచ్చిందే కదా."

"తీసుకో అమ్మా. ప్రభువు చిత్తం" అంది ఏంజెలిన్.

వారం తిరక్కముందే కాంపౌండులో ఒక్కో ఇల్లూ జోగులుకు బట్టలు వెయ్యడం మానేసింది. కోటు పాడుచేసినవాడికి పట్టుచీరలు ఎలా ఇస్తామన్నారు. ఎవరో వాషింగ్ మెషీను కూడా కొన్నారు. దీనా ఇల్లు ఒక్కటే వెయ్యడం మానలేదు. ఆవేళ గుండెలు బాదుకుని తిట్టిన దీనాయే మూడో రోజున మూట నెత్తిన పెట్టుకుని తనే ఏటి ఒడ్డుకు తీసుకెళ్లిందని ఎవరో చెబితే, "పాపం, మెతక మనిషి" అని ఏంజెలిన్ నవ్వేసింది.

ప్రయాణం ముందురోజు జీడిపిక్కల కాటా మీద కరుణ సూట్‌కేసు తూచారు. ఇరవై కిలోలు దాటకూడదట. దీనా ఆవకాయ సీసా పెట్టడం, కాటా వాలడం, ఆవకాయ తీసి గొంగళి పెట్టడం, మళ్లీ వాలడం. చివరికి మూడు స్వెట్టర్లు, చనిపోయిన నాన్న ఖాకీ స్వెట్టరు ఒకటి, రెండు మంకీ క్యాపులు, గొంగళితో పెట్టె మూతపడింది. ఓవర్‌కోటు లేదు. ఆ సాయంత్రం చర్చిలో వీడ్కోలు ప్రార్థన ఏంజెలిన్ చేసింది. "తండ్రీ, ఈ బిడ్డకు కోటు లేకపోయినా నీ రెక్కల నీడ ఉంది" అని ఎంత చక్కగా అందంటే ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. కరుణ కళ్లు మూసుకోలేదు. ప్రార్థన పొడుగునా టీచరునే చూస్తూ కూర్చుంది.

సెప్టెంబరు నుంచి ఏంజెలిన్‌కు కొత్త అలవాటు పట్టుకుంది. రోజూ నాలుగింటికి ట్యూషను పిల్లల్ని పంపేసి నెట్ సెంటరుకు వెళ్లేది. "ప్రభూ, హార్బిన్‌లో ఎంత ఉందో చూడు నాయనా" అనేది. పద్నాలుగు, తొమ్మిది, నాలుగు. అక్టోబరు ఆఖరుకు సున్నా. నవంబరులో మైనస్ ఎనిమిది, మైనస్ పదిహేను.

"అయ్యో! బేగి దిగిపోతన్నాదండీ టీచరుగారూ" అనేవాడు ప్రభుకుమార్.

"అయ్యో" అనేది ఆవిడా. ఇంటికి వచ్చే దారిలో ఆ అంకెను నోట్లో పంచదార పలుకులా చప్పరించుకుంటూ వచ్చేది. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గానీ, ఆ నాలుగు నెలలూ ఆవిడకు కంటినిండా నిద్ర పట్టింది. మంచులో స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని, నల్ల గొంగళి కప్పుకుని, పళ్లు టకటకలాడిస్తూ నడుస్తున్న కరుణ బొమ్మ కళ్లముందు కదిలేది. చలికి తాళలేక ఆ పిల్ల సగంలోనే తిరిగొచ్చేస్తుందని ఆశ. తను వెళ్లలేదు, ఆ పిల్లా నిలవలేదు, అప్పుడు లెక్క సరిపోతుంది. "సొంత కూతురి కోసం కూడా ఇంతలా వాకబు చెయ్యరు" అని ప్రభుకుమార్ ఊరంతా చెప్పాడు. ఏంజెలిన్ టీచరు ప్రేమ గురించి అయ్యగారు ఒక ఆదివారం ప్రసంగంలో కూడా అన్నారు.

క్రిస్మస్ వచ్చింది. ఏంజెలిన్ తెల్లచీర కట్టుకుని, కోటు లేకుండా, తేలిగ్గా మెట్లెక్కింది. భుజాలు బోసిగా అనిపించాయి. అయినా ముందు వరసలోనే కూర్చుంది. కోటు త్యాగం చేసిన మనిషిగా అందరూ వందనాలు చెబుతుంటే కోటు ఉన్నప్పటికన్నా బాగానే ఉందనిపించింది. వెనక వరండాలో జోగులు నిలబడి ఉండటం చూసి మాత్రం కాస్త ఉలిక్కిపడింది. బిర్యానీ భోజనానికి దీనా పిలిచిందట.

సండే స్కూలు పిల్లల నాటకం మొదలైంది. మరియ, యోసేపు, తల మీద తువ్వాళ్లతో గొర్రెల కాపరులు. ఆఖరున ప్రభుకుమార్ నాలుగేళ్ల కూతురు గొర్రెపిల్ల వేషంలో నాలుగు కాళ్ల మీద పాకుతూ వచ్చింది. ఒంటి మీద బూడిదరంగు ఉన్ని. బిరుసెక్కిన చేతులు, పెద్ద పెద్ద గుండీలు. "మే... మే..." అంటూ స్టేజీ చుట్టూ తిరుగుతుంటే జనం పడీపడీ నవ్వారు.

ఏంజెలిన్ ముందుకు వంగి చూసింది. చైనా పోయిందనుకున్న కోటు! పక్కనున్న అయ్యగారి భార్య చెవిలో చెప్పింది. "కరుణ వెళ్లేముందు వాళ్లమ్మ దగ్గర పెట్టి వెళ్లిందటండీ, సండే స్కూలుకిమ్మని. పాడైపోయిన కోటు కూడా దేవుడి పనికి వచ్చింది చూడండి, మీ చెయ్యి అలాంటిది."

నాటకం అయ్యాక అయ్యగారు కళ్లజోడు పెట్టుకుని ఒక ఉత్తరం తీశారు. "కరుణకుమారి మన సంఘానికి రాసింది. క్రిస్మస్ రోజునే విప్పి చదవమని కవరు మీద రాసింది" అని మొదలుపెట్టారు.

"సంఘానికి వందనాలు. నేను క్షేమం. ఈరోజు ఇక్కడ మైనస్ ఇరవై రెండు. అమ్మ భయపడొద్దు. అక్టోబరు మొదటి వారంలోనే స్కూలువాళ్లు టీచర్లందరికీ బాతు ఈకలు కుక్కిన పెద్ద కోట్లు ఇచ్చారు. నాది ఎర్రది. లోపల ఉంటే నర్సీపట్నంలో ఉన్నట్టే ఉక్కపోస్తుంది. కోటు వాళ్లే ఇస్తారన్న సంగతి ఆ కాగితం రెండో పేజీలో ఉందట. రెండో పేజీలో రెండు లైన్లే ఉన్నాయని, కాగితం దండగని ప్రభు అన్నయ్య ప్రింటు తియ్యలేదు."

అందరూ ప్రభుకుమార్ వైపు తిరిగి నవ్వారు. అతను నాలిక్కరుచుకున్నాడు. ఏంజెలిన్ మాత్రం నవ్వలేకపోయింది. కోటు అక్కర్లేదు! అసలు అడగాల్సిన పనే లేదు! కోటు పెట్టెలో భద్రంగా ఉండేది, ఈవేళ తన ఒంటి మీద ఉండేది. దాన్ని తనే, తన నోటితో, సోడా దండిగా వెయ్యమని... నాలుగు నెలలు చప్పరించిన అంకెలన్నీ ఒక్కసారిగా చేదెక్కాయి. అయ్యగారు చదువుతూనే ఉన్నారు.

"ఏంజెలిన్ టీచరుగారికి నా ప్రత్యేక వందనాలు చెప్పండి. ఇక్కడ పిల్లలందరూ ఉన్ని బట్టలే వేసుకుంటారు. అందుకని నా క్లాసులో మొదటి ఇంపొజిషన్‌గా టీచరుగారు నాకు ఎనిమిదేళ్లప్పుడు నేర్పిన వాక్యమే ఇచ్చాను. 'డు నాట్ వాష్ ఉల్ ఇన్ హాట్ వాటర్.' ఉన్నిని వేణ్నీళ్లలో వేస్తే ముడుచుకుపోతుంది, చన్నీళ్లలోనే ఉతకాలి అని. కోటుకు తాండ్ర అంటించినందుకు టీచరుగారు నాచేత నూరుసార్లు రాయించారు. అందుకే ఇంతవరకూ మర్చిపోలేదు. ఆ నోటుబుక్కు అమ్మ దగ్గర ఉంది. కింద టీచరుగారి ఎర్ర సంతకం కూడా..."

అయ్యగారి గొంతు నెమ్మదించింది. ఆడవాళ్ల వైపు గుసగుసలు ముందు మొదలయ్యాయి, తర్వాత ఒక్కసారిగా ఆగిపోయాయి. అయ్యగారు కళ్లజోడు సవరించుకుని మిగిలిన ఒక్క లైనూ చదివారు. "జోగులు తాతకు నా నమస్కారాలు చెప్పండి. ఆయన తప్పేమీ లేదని నాకు ఆరోజే తెలుసు."

తలలన్నీ తిరిగాయి. జూలైలో వరండాలో తిరిగినట్టే తిరిగాయి. అప్పుడు కోటు అడుగుతూ తిరిగిన కళ్లే ఇవి. ఉన్నికి వేణ్నీళ్లు పడవని తెలిసీ, ఉతికించి ఇస్తానని అందరి ముందూ చెప్పి, బానలో ఉడకేసేవాడి చేతికిచ్చి, ఉత్తినే దులపమన్నానంటే ఇప్పుడెవరు నమ్ముతారు! ఏంజెలిన్ ఏదో అనాలనుకుంది. "నాకు గుర్తు లేదు" అనబోయింది. నిజంగానే గుర్తు లేదు, ఆ వాక్యం రాయించినట్టు. కానీ ఆవిడ నోట్లోంచి వచ్చే ఏ మాటనూ నమ్మే ముఖం ఒక్కటీ కనిపించలేదు. ఇంట్లో పట్టుచీరలు ఉడకేస్తాడేమోనని జోగులును మాన్పించినవాళ్లే అందరూ. వాళ్లు చేసిన తప్పు కూడా ఇప్పుడు ఆవిడ నెత్తినే రుద్దడానికి సిద్ధంగా ఉన్నారు.

దీనా లేచింది. చంకలో నోటుబుక్కు ఉంది గానీ దాన్ని తియ్యలేదు. నేరుగా స్టేజీ దగ్గరికెళ్లి గొర్రెపిల్ల ఒంటి మీంచి కోటు విప్పింది. కోటు కిందినుంచి నీళ్లు కారుతున్నాయి. అంతమంది జనాన్ని చూసిన భయానికి ఆ పిల్ల తడిపేసింది. దీనా దాన్ని రెండు చేతులతో పట్టుకొచ్చి ఏంజెలిన్ తెల్లచీర మీద, ఒళ్లో పెట్టింది.

"గుంట భయానికి పాసు పోసీసిందండి టీచరుగారూ" అంది. గొంతు ఎక్కడా పెంచలేదు. "ఇది సండే స్కూలు సామాను. ఏటేటా గొర్రెపిల్లకి కావాల. ఉతకడానికి ఎవుళ్లకిద్దునండి? జోగులుకి సెప్పిన ముక్క సెవికెక్కదని మీరే సెప్పేరు. ఉన్ని సంగతి ఊరు మొత్తం మీద మీకే గదండీ తెలుసు."

అయ్యగారు ఉత్తరం మడిచి, ఆశీర్వాదం చెప్పడానికి చెయ్యెత్తారు. ఏంజెలిన్ ఒళ్లో వెచ్చటి తడి చీరలోకి ఇంకుతోంది. అది తీసి కింద పెట్టే ధైర్యం ఆవిడకు లేకపోయింది.

బయట షామియానా కింద బిర్యానీ వడ్డన జరుగుతుంటే, ఆవిడ చర్చి వెనక కుళాయి దగ్గర కూర్చుని కోటు ఉతికింది. చేతులు కడుక్కోవడానికి వచ్చినవాళ్లందరూ ఒక్క క్షణం ఆగి చూసి వెళ్లారు. జోగులు కూడా వచ్చాడు. ఆవిడ తల ఎత్తలేదు. అతను చేతులు కడుక్కుని, పైపంచెతో తుడుచుకుని, "మరీ పిండకండమ్మగారూ, నీడన ఆరెయ్యండి" అని చెప్పి వెళ్లిపోయాడు. జనవరి నుంచి కాంపౌండు ఇళ్లన్నిటికీ మళ్లీ అతనే బట్టలు ఉతికాడు, ఏంజెలిన్ ఇల్లు తప్ప. ఆవిడ గేటు ముందునుంచే మూట మోసుకుంటూ వెళ్తాడు, ఆగడు.

ఇప్పటికి నాలుగు క్రిస్మసులయ్యాయి. గొర్రెపిల్ల వేషం వేసే పిల్లలు మారుతున్నారు, కోటు అదే. నాటకం అయిన వెంటనే దీనా దాన్ని తెచ్చి ఏంజెలిన్ ఒళ్లో పెడుతుంది, తడిసినా తడవకపోయినా. ఆవిడ కుళాయి దగ్గరికెళ్లి ఉతుకుతుంది. జనవరిలో నీడన ఆరబెట్టి, బ్రష్‌తో దులిపి, వేపాకు వేసి, అదే రేకుపెట్టెలో దాస్తుంది. 'కోటు టీచరు' అనే మాట ఇప్పుడు ఎవరి నోటా వినపడదు. పిల్లలు ఆవిణ్ని 'చన్నీళ్ల టీచరు' అంటారు, వినపడేలాగే అంటారు.